మూడున్నర వేల నీలం వాండా

షిల్లాంగ్ వెళ్తున్నాం అనగానే అందరూ అడిగేది చిరపుంజి గురించే. చూశాం. జలపాతాలు, మబ్బులు, ఫొటోలు అన్నీ అయ్యాయి, ఆ రోజు హాయిగా గడిచిపోయింది. నేను అంత దూరం వెళ్లింది మాత్రం ఒక పువ్వు కోసం. ఆ పువ్వు గురించీ, దాని పేరు చెప్పి నా దగ్గర 3,500 పట్టుకుపోయినవాడి గురించీ రాస్తే గాని నాకు నిద్ర పట్టేలా లేదు.

మాది రాజమండ్రి. కడియం నర్సరీలు పక్కనే ఉండటం వల్ల అంటుకున్న జబ్బు ఇది. డాబా మీద షేడ్ నెట్ కింద నలభై దాకా ఆర్కిడ్ కుండీలున్నాయి. ఎక్కువ భాగం థాయ్‌లాండ్ నుంచి వచ్చే డెండ్రోబియం హైబ్రిడ్లే. లేనిదల్లా నీలం వాండా అనే ఆర్కిడ్, శాస్త్రీయ నామం వాండా సెరూలియా. బజార్లో నీలం వాండా అని అమ్మేవి చాలావరకు, 1931లో దీన్నీ ఫిలిప్పీన్స్‌లోని మిండనావో దీవి వాండానీ కలిపి పుట్టించిన రాత్‌షిల్డియానా అనే హైబ్రిడ్ సంతానం. ఆ నీలం అంతా వచ్చింది షిల్లాంగ్ ఉన్న ఖాసీ కొండల మొక్క నుంచి. 1837లో గ్రిఫిత్ అనే దొర అక్కడ చూసి రాసేదాకా బయటి ప్రపంచానికి దాని సంగతే తెలియదు. అక్టోబరులో పూత మీద ఉంటుంది. మనకు దసరా సెలవులు ఎలాగూ ఉంటాయి.

నేను, మా ఆవిడ, మా అత్తయ్యగారు బయల్దేరాం. అత్తయ్యగారిది నూజివీడు దగ్గర ఊరు, సొంత మామిడి తోట ఉంది. "చెట్టు చూడ్డానికి ఇంత దూరమా అల్లుడుగారూ" అని వైజాగ్ ఎయిర్‌పోర్ట్‌లో ఒకసారి, కోల్‌కతాలో ఒకసారి అన్నారు. టికెట్ మనిషికి రానూపోనూ 17,200. గువాహటి నుంచి షిల్లాంగ్‌కి కారు 3,200. రోడ్డు బాగుంది, దారిలో ఉమియం సరస్సు దగ్గర టీ తాగాం.

కష్టాలు పోలీస్ బజార్ దగ్గర లాడ్జిలో మొదలయ్యాయి. పేరు రాయను. 'వ్యాలీ వ్యూ' అని ఫొటో పెట్టి, రోజుకి 3,400 చొప్పున రెండు రోజులకు ముందే కట్టించుకున్నారు. కిటికీ తెర లాగితే రెండడుగుల దూరంలో పక్క బిల్డింగు గోడ, గోడ మీద నాచు. లోయ ఏదయ్యా అంటే రిసెప్షన్ కుర్రాడు చాలా మర్యాదగా టెర్రస్ మెట్లు చూపించాడు. బాత్రూంలో గీజర్ ఉంది, దానికి కనెక్షన్ లేదు. వేడినీళ్లు బకెట్ 50, అదీ ఉదయం ఏడు నుంచి ఎనిమిదిన్నర వరకే. దుప్పట్లు ఉతికి ఆరకముందే పరిచారు కాబోలు, చెమ్మ వాసన. "ఈ డబ్బులకి మనూళ్లో పెళ్లివారికి విడిదిల్లు ఇస్తారు" అన్నారు అత్తయ్యగారు, స్వెట్టర్ మీద శాలువా కప్పుకుని కుర్చీలోనే కునుకు తీస్తూ. మా ఆవిడ ఏమీ అనలేదు. ఆవిడ ఏమీ అనకపోతే నాకు భయం. తెల్లారగానే రెండో రోజు డబ్బులు వదులుకుని బయటపడ్డాం. షిల్లాంగ్‌లో ఎవరైనా సరే, గది కళ్లతో చూడకుండా ఒక్క రాత్రికి మించి కట్టకండి.

షిల్లాంగ్‌లోనే లైతుమ్‌ఖ్రా అనే పేటలో ఒక ఇంట్లో హోమ్‌స్టే దొరికింది. టిఫిన్‌తో కలిపి 2,200, అత్తయ్యగారి మంచానికి ఇంకో 500. ఇంటావిడకి అరవై దాటి ఉంటాయి. అక్కడ ఆడవాళ్లని 'కాంగ్' అని పిలుస్తారు, మనం అక్కా అన్నట్టు. పెట్టెలు లోపల పెట్టి పెరట్లోకి వచ్చానో లేదో, నా కాళ్లు అక్కడే ఆగిపోయాయి. పాత పియర్ చెట్టు మొదలుని పట్టుకుని ఉంది. నీలం వాండా. రెండు కాడలు, ఒకదానికి పదకొండు పూలు, ఇంకోదానికి తొమ్మిది.

పల్చగా నీలిమందు కలిపిన నీళ్లలో ముంచి తీసిన మల్లుపంచె ఉంటుంది చూడండి, ఆ రంగు. దగ్గరికి వెళ్తే రేకు నిండా ముదురు నీలం గీతలు అడ్డంగా నిలువుగా, లుంగీ గళ్లలాగా. పెదవి అనే నడిమి రేకు చిన్నది, సిరాలో అద్దినట్టుంది. పై రేకుల మొదళ్లు మెలిపడి ఉండటంతో గాలి లేకపోయినా రేకులు తిరుగుతున్నట్టే కనిపిస్తాయి. వాసన ఏమీ లేదు. వేళ్లు చిటికెనవేలి లావు, ఎండిన చోట వెండి తెలుపు. కాంగ్ మగ్గుతో నీళ్లు చల్లితే కళ్లముందే ఆకుపచ్చగా మారాయి. అరగంట అక్కడే నిలబడ్డాను. మా ఆవిడ కూడా వచ్చి నిలబడి, ముందురోజు రాత్రి తర్వాత మొదటిసారి మాట్లాడింది: "బాగుందండీ." దీనికి టికెట్ లేదు.

వాళ్లమ్మగారు పెట్టిన మొక్కట. అమ్ముతారా అని నా గోదావరి హిందీలో రెండుసార్లు అడిగాను. రెండుసార్లూ నవ్వి, తమలపాకులో పచ్చి వక్క, సున్నం చుట్టి చేతిలో పెట్టారు. క్వాయ్ అంటారు దాన్ని. నమిలితే చెవుల దాకా వేడెక్కింది, ఇక మూడోసారి అడగలేదు.

మర్నాడు శనివారం. ఆర్కిడ్లు పెంచే ఒక ప్రభుత్వ తోటకి వెళ్తే గేటు తాళం. సెలవు అని గేటు దగ్గరాయన తల ఎత్తకుండా చెప్పాడు. బయట నుంచైనా చూస్తాం అంటే తల ఎత్తాడు గాని ఆ చూపు కంటే ఎత్తకపోవడమే నయం. టాక్సీకి 700 దండగ. ప్రభుత్వ తోటలకి శని, ఆది వారాల్లో వెళ్లకండి, వెళ్లే ముందు ఫోన్ చేయండి.

అక్కడి నుంచి మాఫ్లాంగ్. షిల్లాంగ్‌కి పాతిక కిలోమీటర్లు. అక్కడి ఖాసీ తెగవాళ్ల పవిత్ర వనం అది. మధ్యలో నిలబడితే చుట్టూ నాచు పట్టిన మానులు, కొమ్మ కొమ్మకీ ఫెర్న్‌లు, ఆర్కిడ్లు. ఊరి కుర్రాడే గైడు, 500 ఇచ్చాం. ఒక్కటే నియమం చెప్పాడు: లోపలి నుంచి ఏదీ బయటికి తీసుకెళ్లకూడదు, రాలిన ఆకైనా, గులకరాయైనా. అత్తయ్యగారు బయటికొచ్చాక చెప్పులు రెండూ దులిపి మరీ కారెక్కారు. ఆవిడ చెప్పుల కింద మట్టిపాటి భయం మర్నాడు నాకు లేకపోయింది, ఆ సంగతి కిందకొస్తుంది.

మధ్యాహ్నం భోజనం గురించి చెప్పాలి. రోడ్డు పక్క జాదో దుకాణం. జాదో అంటే పంది మాంసంతో వండే అన్నం. ఆ మాట చెవిన పడగానే అత్తయ్యగారు కుర్చీ వెనక్కి జరిపారు. ఉత్త అన్నం, పప్పు పెట్టించి, పక్కన ఏదో నల్లటి ముద్ద వేస్తే అనుమానంగా వేలితో నాకి చూశారు. తుంగ్‌తాప్ అట. ఎండుచేప కాల్చి, మిర్చి, ఉల్లిపాయ వేసి నూరిన పచ్చడి. "ఇది మన ఎండుచేపల పచ్చడే కదమ్మా!" అని కూతురితో అని, రెండుసార్లు అన్నం మారు వడ్డించుకున్నారు. ప్లేటు 120. ఆ పూట నుంచి ఆవిడకి మేఘాలయ నచ్చింది.

ఇక అసలు సంగతి. చిరపుంజి నుంచి తిరిగొస్తుంటే నా మొక్కల పిచ్చి చూసిన డ్రైవరు, ఒక మనిషి ఉన్నాడు సార్, దగ్గరే, అన్నాడు. టీ బంకు వెనక గోనెపట్టాలో నాచు చుట్టిన ఒక వాండా. ఆరేడు జతల ఆకులు, మంచి వేళ్లు. పువ్వు లేదు. పువ్వు ఫోన్‌లో చూపించాడు, కాంగ్ పెరట్లో చూసిన నీలమే. 6,000 చెప్పాడు, 3,500కి దిగాడు.

చట్టం తెలియక చేశానని బొంకను. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో రక్షణ ఉన్న మొక్కల్లో నీలం వాండా ఒకటి. అడవి నుంచి తెచ్చి అమ్మడమూ నేరమే, కొనడమూ నేరమే. 1850లో హుకర్ అనే వృక్షశాస్త్రవేత్త ఇవే కొండల్లో ఏడుగురు మోసేన్ని మొక్కలు పోగుచేసి లండన్ క్యూ తోటకి పంపితే, ప్రాణంతో చేరినవి ఏ కొన్నో. ఆ కథ చదివి ఆయన్ని తిట్టుకున్నవాణ్ణి నేనే. అయినా చెయ్యి జేబులోకి వెళ్లింది. అక్టోబరులో పూయాల్సిన మొక్కకి కాడ ఎందుకు లేదన్న ఆలోచనే రాలేదు. అత్తయ్యగారు మాత్రం వంగి, ఆకు చివర పట్టుకుని చూశారు. ఎవరో పంటితో కొరికినట్టు ఎగుడుదిగుడుగా ఉంది. "ఇదేదో మన తోటలో బదనికలాగే ఉందండీ" అన్నారు. "అత్తయ్యగారూ, మీరు కారులో కూర్చోండి" అన్నాను.

ఆ రాత్రి మొక్కని స్వెట్టర్ల మధ్య చుట్టి సూట్‌కేసులో పెట్టాను. కాంగ్‌కి చూపించి ఉంటే అక్కడే తేలిపోయేది. చూపించడానికి మొహం చెల్లలేదు. గువాహటి ఎయిర్‌పోర్ట్‌లో పెట్టె స్కానింగ్‌లోకి వెళ్తుంటే టెన్షన్‌తో నా అరచేతులు తడిసిపోయాయి. ఎవరూ ఆపలేదు. "పెట్టెలో ఏముందండీ, అలా చూస్తున్నారు" అని మా ఆవిడ తెలిసే అడిగింది.

డాబా మీద వేలాడదీశాక భయం ఇంకోరకం. నీలం వాండా చలి కొండల మొక్క, మా ఎండలకి ఆగదు. రోజుకి మూడుసార్లు నీళ్లు, డబుల్ నెట్. ఆశ్చర్యం, మార్చి ఎండకి వాడాల్సింది పోయి కొత్త వేరు వేసింది. అప్పుడైనా నాకు వెలగాలి. ఏప్రిల్ మొదటి వారంలో కాడ వచ్చింది, ఆరు మొగ్గలు. మొదటిది విచ్చుకుంది: పసుపుపచ్చ మీద గోధుమరంగు గళ్లు, బొటనవేలంత పువ్వు, మంచి వాసన. నీలం లేదని అనను, ఉంది, పెదవిలో ఉంది. వాండా టెసెల్లాటా. మన మామిడి తోటల్లో కొమ్మలకి అంటుకుని పెరిగేది. వాండా అన్న పేరే దీన్నిబట్టి పుట్టింది. విలియం జోన్స్ అనే సంస్కృత పండితుడు సంస్కృతంలోంచి తీసుకున్న ఆ పేరు, ఆయన పోయాక 1795లో అచ్చయింది. సంస్కృతంలో వందాకం అంటే బదనిక. నిజానికి ఇది బదనికలాగా చెట్టు రసం తాగదు, ఊరికే కొమ్మ మీద కూర్చుంటుంది. ఆ మాట అత్తయ్యగారికి చెప్పే ధైర్యం నాకు లేదు.

నీలం కావాలన్నవాళ్లకి నేను చెప్పేది: కడియంలో లాబ్‌లో పెంచిన హైబ్రిడ్ పువ్వుతో సహా 1,400కి ఇచ్చారు నాకు, మన ఎండకి ఆగుతోంది. అసలుది చూడాలంటే అక్టోబరులో షిల్లాంగ్ వెళ్లి, ఎవరి పెరట్లోనైనా చూసి, క్వాయ్ నమిలి రండి. పువ్వు లేని వాండాని ఫోన్‌లో ఫొటో చూసి కొనకండి. డ్రైవరు దగ్గరే అన్నచోటికి అసలు వెళ్లకండి.

మొక్కని మే నెలలో నూజివీడు తీసుకెళ్లి తోటలో పెద్ద బంగినపల్లి చెట్టుకి కొబ్బరిపీచుతో కట్టాను. ఆ చెట్టుకి అప్పటికే అలాంటివి నాలుగున్నాయి. ఏటా కొమ్మలు కొట్టేటప్పుడు బదనికలన్నీ పీకేయిస్తారు అత్తయ్యగారు. ఈసారి పాలేరుని పిలిచి, ఐదో దాని జోలికి వెళ్లొద్దని, అది మూడున్నర వేలదని చెప్పారట.