ఈగ రెక్క చూడాలంటే ఈ స్టీరియో మైక్రోస్కోపు చాలు, కింది దీపంతోనే చిక్కు

విజయనగరంలో మేము పాఠాలు చెప్పే డిగ్రీ కాలేజీకి ఈ మధ్య కొన్న స్టీరియో మైక్రోస్కోపు 10 నుంచి 40 రెట్ల వరకు పెద్దది చేసి చూపిస్తుంది. పండ్ల ఈగలకు అంతకు మించి అక్కర్లేదు. పొత్తికడుపు కొన నల్లగా ఉంటే మగదని 10 రెట్ల దగ్గరే తెలిసిపోతుంది.

దీని విలువ నాకు తెలిసింది మాత్రం మైసూరు విశ్వవిద్యాలయంలో ఈగల రకాలను పెంచి ఇచ్చే స్టాక్ సెంటర్ నుంచి తెప్పించిన వెస్టీజియల్ (రెక్కలు ఎదగని) ఈగలను పెట్టినప్పుడే. రెక్కలుండాల్సిన చోట ముడుచుకుపోయిన మొలకలు, వాటి మీది నూగుతో సహా కనిపించాయి. జన్యుశాస్త్రవేత్త మోర్గాన్ బృందం 1910లో గుర్తించిన రకం ఇది. అంతర్గత (రిసెసివ్) లక్షణమని ఒక్క ముక్క రాసి పాఠ్యపుస్తకం ఊరుకుంటుంది. చెప్పాల్సిన కథంతా ఆ తర్వాతే ఉంది. ఈ ఈగల్లో దెబ్బతిన్న జన్యువు పేరూ వెస్టీజియలే. అది తయారుచేసే వెస్టీజియల్ ప్రోటీన్ తనంతట తాను డీఎన్‌ఏను పట్టుకోలేదు. పట్టుకునేది స్కాలప్డ్ అనే మరో ప్రోటీన్. ఈ రెండూ జతకడితేనే రెక్కకు కావలసిన జన్యువులు పనిలోకి దిగుతాయి. అదే స్కాలప్డ్ పక్కన యార్కీ అనే ప్రోటీన్ చేరితే కణాలను పెంచే జన్యువులు మేలుకుంటాయి, టీజీఐ అనే ఇంకో ప్రోటీన్ చేరితే అవే అణిగిపోతాయి. ఆఫీసులో కుర్చీ ఒకటే అయినా పక్కన కూర్చున్న గుమాస్తాను బట్టి ఫైలు కదలడమో ఆగడమో జరిగినట్టే! కన్ను, కాలు కావాల్సిన కణజాలంలో వెస్టీజియల్‌ను పనిచేయిస్తే అక్కడా రెక్క కణజాలం మొలుస్తుందని 1996లో చూపించారు.

ప్రోటీన్లు ఇందులో కనపడవు, నిజమే. అవి లేకపోతే ఏమవుతుందో కనపడుతుంది. డిగ్రీ పిల్లలకు అది చాలు.

ఇక లోపాలు. పై దీపం ఎల్ఈడీ, హాయిగా ఉంది. కింది దీపం హాలోజన్. కాసేపటికే గాజుపలక వేడెక్కి, ఈథర్‌తో మత్తెక్కించిన ఈగలు లేచి కూర్చుంటాయి. అమ్మినవాళ్లకు ఫోను చేస్తే ‘అన్నీ అంతేనండీ’ అన్నారు. వారంటీ కార్డు మీద తేదీ కూడా వేయలేదు.

మే నెలలో మా గదిలో పెంచిన వెస్టీజియల్ ఈగలకు రెక్కలు కాస్త పొడవుగా వస్తే మైక్రోస్కోపును అనుమానించకండి. డింభక దశలో 30 డిగ్రీలు దాటిన వేడి తగిలితే ఆ లోపం కొంత తగ్గుతుంది.

కెమెరా ఉన్న మోడల్ అంటగట్టాలని చూస్తారు. ఆ డబ్బుతో ఇలాంటిదే ఇంకొకటి కొనండి; తరగతి మొత్తం ఒక్కదాని ముందు వరుస కడితే, చివరివాడి వంతు వచ్చేసరికి ఈగలు ఎగిరిపోతాయి.