ఏఎన్-32: కడుపు కిందికి జరిగే ఆ వెనక తలుపు

మన వైమానిక దళం సరుకు విమానం ఏఎన్-32 గురించి ఎవరు మాట్లాడినా ఇంజిన్ల దగ్గర మొదలుపెడతారు. రెక్కల నెత్తిన ఎక్కించినట్టుండే ఆ రెండు ఇంజిన్లు, ఆ మోత. నేను వాటి జోలికి వెళ్ళను. నేను ఇంజిన్ ఫిట్టర్ని కాదు, ఎయిర్‌ఫ్రేమ్ ఫిట్టర్ని, అంటే విమానం ఒళ్ళు, తలుపులు చూసేవాణ్ణి. వైమానిక దళంలో ఇరవై ఏళ్ళు చేస్తే అందులో పదకొండేళ్ళు ఈ విమానం కిందా పైనా పాకుతూ గడిచాయి. బరువెంత మోస్తుంది, ఎంత వేగంగా వెళ్తుంది అన్న లెక్కలు ఎక్కడైనా దొరుకుతాయి. నేను చెప్పాలనుకున్నది వెనక ర్యాంప్ గురించి, అంటే సరుకు ఎక్కించే వెనక తలుపు గురించి. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఆ ర్యాంప్ అంటే నాకు ప్రాణం.

సరుకు విమానాలు చాలావాటికి వెనక తలుపు ఉంటుంది, అది కిందికి వాలుతుంది, దాని మీద జీపు ఎక్కిస్తారు. ఇది కూడా అలాగే వాలుతుంది. కానీ దీనికి ఇంకో విద్య ఉంది. అవసరమైతే ఆ తలుపు మొత్తం రెండు పక్కలా ఉన్న పట్టాల మీద ముందుకు జరిగి, విమానం కడుపు కిందికి వెళ్ళిపోతుంది. వెనక భాగం మొత్తం ఖాళీ అవుతుంది. లారీని రివర్స్‌లో తెచ్చి విమానం నేలకు ఆనించేయొచ్చు. లారీ నేల, విమానం నేల పక్కపక్కనే ఉంటాయి కాబట్టి సరుకు ఎత్తక్కర్లేదు, దొర్లించడమే. గాల్లో సరుకు జారవిడిచేటప్పుడు కూడా తలుపు ఇలాగే కిందికి జరిగిపోతుంది, పారాచూట్ కట్టిన మూటలకు అడ్డు ఉండదు.

మొదటి రెండేళ్ళూ నాకు ఈ ర్యాంప్ అంటే ఒళ్ళుమంట. ఆ పట్టాల్లో చేరని చెత్త లేదు. ఉల్లిపొట్టు, గోధుమపిండి, గడ్డి, కోడి ఈకలు, కిరోసిన్ జిడ్డుకి అంటుకున్న ఇసుక. అన్నీ గుడ్డతో తుడిచి, రోలర్లు చూసి, గ్రీజు పెట్టి, తలుపు అంచున గాలి ఆపే సీలు చుట్టూ వేలితో తడిమి చూడాలి. చండీగఢ్‌లో డిసెంబరు తెల్లవారుజామున నాలుగింటికి ఆ పని చేస్తే వేళ్ళు మన మాట వినవు. 'వాలే తలుపు వాలితే చాలదా, దీనికి జరగడం కూడా ఎందుకు' అని తిట్టుకుంటూ తుడిచేవాణ్ణి. మా సీనియర్ ఒకాయన, తమిళాయన, ఒకటే అనేవారు: "తుడువు. ఎందుకో అదే చెబుతుంది."

ఆయన మాట నిజమైంది 1997 జనవరిలో.

చండీగఢ్ నుంచి థోయిస్‌కి వెళ్ళాం. సియాచిన్‌కి సరుకు చేరే ఎయిర్‌ఫీల్డ్ అది, నుబ్రా లోయలో ఉంది. పొద్దున్నే వెళ్ళి పొద్దున్నే వచ్చేయాలి, మధ్యాహ్నమైతే గాలులు లేస్తాయి. తీసుకెళ్ళింది తాజా కూరలు, పాలడబ్బాలు, ఉత్తరాల సంచులు. అక్కడ ఇంజిన్లు ఆపకుండానే సరుకు దించుతారు. ఆ చలిలో ఆపితే మళ్ళీ అందుకుంటాయన్న నమ్మకం లేదు, అందుకోకపోతే రాత్రంతా అక్కడే. కాబట్టి అక్కడ అందరూ పరుగుల మీదే ఉంటారు. నేను టెక్నీషియన్‌గా వెంట వెళ్ళాను. దారిలో ఏదైనా మొరాయిస్తే చూడటానికి.

సరుకు దించుతుండగా ఆర్మీ డాక్టర్ ఒకాయన పరుగున వచ్చారు. మంచు పగుల్లో జారిపడ్డ జవాను ఒకతను ఉన్నాడు, వెన్ను దెబ్బతింది, చండీగఢ్ పక్కనున్న చండీమందిర్ ఆస్పత్రికి చేర్చాలి. అంబులెన్స్ ఆ పొద్దున స్టార్ట్ కాలేదట. త్రీ-టన్నర్ లారీలో పరుపులు ఒకదాని మీద ఒకటి పరిచి, స్ట్రెచర్‌తో సహా పడుకోబెట్టి తెచ్చారు. డాక్టర్ గారు మళ్ళీ మళ్ళీ చెబుతున్నది ఒకటే: "వంచొద్దు, తిప్పొద్దు, వాలనివ్వొద్దు."

ర్యాంప్ అప్పటికి కిందికి వాల్చి ఉంది. దాని మీద వందసార్లు బూట్లు తిరిగాయి. బూట్లకంటిన మంచు కరిగి, మళ్ళీ గడ్డకట్టి, అద్దంలా ఉంది. ముందు లారీ నుంచి నేలకు దించాలి, తర్వాత ఆ వాలు మీద నలుగురు మోసుకుంటూ ఎక్కాలి. పైన ఇద్దరు వంగి, కింద ఇద్దరు ఎత్తి పట్టుకుని. ఒక్కరి కాలు జారినా ఆ జవాను జీవితం అక్కడితో సరి. ఇద్దరు జవాన్లు మూటల గోనెసంచులు తెచ్చి ర్యాంప్ మీద పరవడం మొదలుపెట్టారు.

నాకు ఆ ఆలోచన ఎలా వచ్చిందో చెప్పలేను. కూరల బుట్టల లారీకి రోజూ చేసేదే, మనిషికి చేయకూడదని ఎక్కడా లేదు కదా. ఫ్లైట్ ఇంజినీర్ గారి దగ్గరికి వెళ్ళి, ఆ మోతలో నోరు ఆయన చెవికి ఆనించి, "సార్, ర్యాంప్ కిందికి పంపేద్దాం, లారీ రివర్స్ పెట్టిద్దాం" అన్నాను. ఆయన ఒక్క క్షణం డాక్టర్ వైపు చూసి తలూపారు.

అందర్నీ పక్కకు జరిపాం. ర్యాంప్ లేచి కడుపు కిందికి జరిగింది. నేను పొద్దున నాలుగింటికి తుడిచిన పట్టాలవి. ఎక్కడా ఆగలేదు, గీర్‌మనలేదు. లారీ డ్రైవర్ ఒక కుర్ర సర్దార్జీ. నేను వెనక నిలబడి రెండు చేతులూ ఊపుతుంటే బెత్తెడు బెత్తెడు చొప్పున రివర్స్ తెచ్చాడు. విమానానికి లారీ తగిలితే ఆ రోజు ఎవరమూ ఇంటికి వెళ్ళం. ఆ టెన్షన్ నాకు ఇప్పటికీ కడుపులో గుర్తుంది. లారీ నేల జానెడు కిందికి ఉంది. కానీ పరుపులు ఉన్నాయి కదా, స్ట్రెచర్ సరిగ్గా మన నేల ఎత్తుకు వచ్చింది. మధ్యలో ఒక చెక్క వేశాం. లారీలోంచి ఇద్దరు నెట్టారు, లోపలినుంచి ఇద్దరం లాగాం. బల్ల మీద పళ్ళెం జరిపినట్టు జరిగింది.

నేల కొక్కేలకు స్ట్రెచర్ పట్టీలు బిగిస్తుంటే అతను ఏదో అన్నాడు. వినపడలేదు. వంగి చెవి పెట్టాను. హిందీలో అడిగాడు, మధ్యలో 'అమ్మా' అని మూలిగాడు. తెలుగువాడివా అన్నాను. శ్రీకాకుళం అన్నాడు. తర్వాత అడిగాడు: "అన్నా, విమానంలోకి ఎప్పుడు ఎక్కిస్తారు?"

ఎక్కించేశామని అతనికి తెలియనే లేదు.

దాదాపు గంట ప్రయాణం. అతని పక్కనే నేల మీద కూర్చున్నాను. చండీగఢ్‌లో అంబులెన్స్ వచ్చి తీసుకెళ్ళింది. తర్వాత ఏమైందో కనుక్కోవాలని చాలాసార్లు అనుకున్నాను, యూనిట్ పేరు కూడా అడగలేదని తర్వాత గుర్తొచ్చింది. ఆ మర్నాటి నుంచి ఆ పట్టాలు తుడిచేటప్పుడు మాత్రం ఎవర్నీ తిట్టలేదు.

ఎక్కడా ఆగలేదని పైన రాశాను. ఆ రోజు ఆగలేదు, అంతవరకు నిజం. మిగతా రోజుల సంగతి కూడా చెప్పాలి. చలి మరీ ముదిరితే సీలు బిగుసుకుని ర్యాంప్ సరిగ్గా అతుక్కునేది కాదు, అంచుల్లోంచి ఈలలాంటి చప్పుడుతో గాలి వచ్చేది. వెనక సీట్లలో కూర్చున్నవాళ్ళ మోకాళ్ళు గడ్డకట్టేవి. హైడ్రాలిక్ ఆయిల్ ఎర్రగా ఉంటుంది, ఎక్కడ కారినా మంచు మీద నెత్తురులా కనిపించి కొత్తవాళ్ళు హడలిపోయేవారు. రెండు మూడుసార్లు ర్యాంప్ కదపడానికి చేతిపంపు కొట్టీ కొట్టీ భుజాలు పడిపోయాయి. పట్టాలు తుడవని రోజు అది కచ్చితంగా మొరాయిస్తుంది. అంటే ర్యాంప్ మంచిదే, కానీ దాని మంచితనం సగం పొద్దున నాలుగింటికి లేచే మనిషి చేతిలో ఉంది.

ఇక కూర్చుని ప్రయాణం చేసేవాళ్ళ సంగతి. ఆ విషయం చెప్పాల్సింది నేను కాదు, మా ఆవిడ. పోర్ట్ బ్లెయిర్ నుంచి చెన్నై పక్కనున్న తాంబరం వరకు ఒకసారి కొరియర్‌లో వచ్చింది, రెండేళ్ళ పాపతో. కొరియర్ అంటే మా వాళ్ళు సెలవులకు వెళ్ళడానికి సీటు దొరికితే పండగ చేసుకునే విమానం. ఎక్కేముందు, ఏమైనా జరిగితే బాధ్యత మాదే అన్న బాండ్ మీద సంతకం పెట్టాలి, చెవుల్లో దూది పెట్టుకోవాలి, గోడకు వీపు ఆనించి అడ్డంగా కూర్చోవాలి. పాప చెవినొప్పితో దారంతా ఏడ్చింది, ఆ ఏడుపు పక్కనున్న తల్లికే వినపడలేదట. దిగాక "ఇంకెప్పుడూ నన్ను ఇందులో ఎక్కించకండి" అంది. ఎక్కించలేదు.

2016 జులై 22న అదే దారిలో, తాంబరం నుంచి పోర్ట్ బ్లెయిర్ వెళ్తూ, ఒక ఏఎన్-32 29 మందితో బంగాళాఖాతం మీద మాయమైంది. అప్పటికి నేను రిటైరై హైదరాబాద్ యాప్రాల్‌లో ఇల్లు కట్టుకుని ఉన్నాను. ఆ 29 మందిలో ఎనిమిదిమంది విశాఖపట్నం నావల్ ఆర్మమెంట్ డిపో ఉద్యోగులు. టీవీలో వాళ్ళ ఇళ్ళ ముందు జనాన్ని చూపిస్తుంటే మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి నిలబడిపోయింది. ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు. అన్ని ఓడలు, అన్ని విమానాలు వెతికాయి, ఏమీ దొరకలేదు. ఏడేళ్ళు దాటాక, 2024 జనవరిలో, నీటి అడుగున తనంతట తాను తిరిగే యంత్రంతో చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ వాళ్ళు 3,400 మీటర్ల లోతున శకలాలు గుర్తించారు. ఆ ఫోటోలు వచ్చిన రోజు నేను ఫోన్‌లో వాటిని పెద్దవి చేసి చేసి చూశాను. దేనికోసం చూస్తున్నానో ఎవరికీ చెప్పలేదు. తోక భాగం, ర్యాంప్ అంచు ఏమైనా కనిపిస్తుందేమోనని.

2019 జూన్ 3న అస్సాంలోని జోర్హాట్ నుంచి అరుణాచల్‌లోని మెచుకా వెళ్ళిన ఏఎన్-32 13 మందితో కొండల్లో కూలింది. శకలాలు దొరకడానికే ఎనిమిది రోజులు పట్టింది. నేను జోర్హాట్‌లో కూడా మూడేళ్ళు ఉన్నాను. ఆ కొండల్లో మబ్బు ఎంత తొందరగా మూసుకుంటుందో తెలుసు. ఒక మంచి తలుపు ఉంది కదా అని ఈ విమానాన్ని ఆకాశానికెత్తేస్తే ఆ ఇళ్ళవాళ్ళకు నేను ఏం జవాబు చెప్పగలను? అందుకే నా ప్రేమ ర్యాంప్ వరకే.

ఇదంతా ఇప్పుడు రాయడానికి కారణం మా వీధిలో ఒక కుర్రాడు. ఆదిభట్ల వైపు విమాన భాగాలు చేసే ఫ్యాక్టరీలో పని. అమెరికా వాళ్ళ సరుకు విమానం సీ-130జె తోక మన ఆదిభట్లలో తయారవుతుంది, మన దళం కొన్న కొత్త సరుకు విమానం సీ-295 ప్రధాన భాగాలు కూడా హైదరాబాద్‌లోనే చేసి వడోదరకు పంపుతారు. సంక్రాంతి సెలవుల్లో మా డాబా మీద గాలిపటాలు ఎగరేస్తుంటే హకీంపేట వైపు నుంచి ఆ మోత వినపడింది. తల ఎత్తకుండానే 'ఏఎన్-32' అన్నాను. వాడు చూసి, "అవునంకుల్. ఇంకెన్నాళ్ళు లెండి, సీ-295 వచ్చేసింది కదా" అన్నాడు.

చాలామంది అలాగే అనుకుంటున్నారు. కానీ 2021లో 56 సీ-295లు కొన్నది దళంలోని పాత ఆవ్రో విమానాల బదులు. 16 స్పెయిన్ నుంచి, మిగతా 40 వడోదర నుంచి. మన ఆవ్రోకి వెనక ర్యాంపే లేదు, పక్క తలుపులోంచే అన్నీ ఎక్కించాలి. కాబట్టి ఆవ్రోల మీద పనిచేసినవాళ్ళకు ఇది పెద్ద వరం. ఏఎన్-32ల బదులు ఇంకా పెద్దది, 18 నుంచి 30 టన్నులు మోసేది కావాలని 2022 డిసెంబరులో వైమానిక దళం కంపెనీలను వివరాలు అడిగింది. అది వేరే కథ. ఈలోగా ఇవి ఎగరాల్సిందే. 2009 ఒప్పందం ప్రకారం కొన్నిటిని ఉక్రెయిన్‌లో, మిగతావాటిని కాన్పూర్ డిపోలో కొత్త పరికరాలు పెట్టి బాగుచేసే పని పెట్టుకున్నారు. 2020 జనవరిలో అడవి ఆముదం గింజల నూనెతో చేసిన ఇంధనం పదిశాతం కలిపి లేహ్ నుంచి ఒకటి ఎగిరింది కూడా. లేహ్ గాలిలో ఆ ఇంజిన్ల కష్టం చూసినవాణ్ణి, ఆ వార్త చదివి చాలా సంతోషపడ్డాను.

ఆ కుర్రాణ్ణి అడిగాను, "మీ సీ-295 ర్యాంప్ కిందికి జరుగుతుందా?" అని. "లేదంకుల్, వాలుతుంది అంతే" అన్నాడు. కొత్త విమానం అన్నిటా మెరుగే, ఒప్పుకుంటాను. లోపల మాట వినపడుతుందట, అదొక్కటి చాలు మా ఆవిడకు. కానీ నాకు మనసులో చిన్న వెలితి మిగిలిపోయింది.

మంచి విమానమేనా అని ఎవరైనా అడిగితే నా జవాబు నా ఉద్యోగాన్ని బట్టి, అప్పటి నా వయసును బట్టి ఉంటుంది. ఇరవై అయిదేళ్ళ ఫిట్టర్‌కి ఇది మంచి గురువు. ఇంటికి వెళ్ళే జవానుకి ఉచితంగా దొరికే సీటు. కొండల్లోకి బియ్యం, మందులు మోసిన బండి. పసిపాపతో ఎక్కే తల్లికి, కిటికీ సీటు అలవాటైనవాళ్ళకి మాత్రం నేను చెప్పను. వర్షాకాలంలో సముద్రం మీదికైతే ఇప్పుడు నేను కూడా రెండుసార్లు ఆలోచిస్తాను. చలికాలం పొద్దున, చండీగఢ్ నుంచి థోయిస్‌కి అంటే వస్తాను. వెనక, ర్యాంప్ పక్కనున్న ఆఖరి సీటు ఇవ్వండి. ఎక్కేముందు ఆ పట్టాలు ఒకసారి తడిమి చూడనివ్వండి.