తిరుపతిలో మినియేచర్ పెయింటింగ్ క్లాసు, కిట్టు కలిపి అమ్ముతున్నారు: డబ్బు కట్టేముందు ఇది చదవండి

మొన్న ఆగస్టులో తిరుపతిలో రెండు రోజుల మినియేచర్ పెయింటింగ్ (చిన్న బొమ్మలకు రంగులు వేసే) క్లాసుకు, కిట్టుతో కలిపి రూ.6,500 కట్టి మోసపోయాను. నాతోపాటు ఇంకో పదిమంది కట్టారు. వాళ్లలో ఇద్దరు ఇంటర్ చదివే పిల్లలు. దసరా దగ్గరపడుతోంది. కొలువులో పెట్టడానికి చిన్న బొమ్మలకు రంగులు వేయడం నేర్చుకుందామనుకునే వాళ్ల కళ్లకు ఇలాంటి ప్రకటనలు పడేది ఇప్పుడే. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

నేను నాలుగేళ్లుగా 1:72 సైజు (అసలుకు 72వ వంతు) విమానాల బొమ్మలకు, 75 మిల్లీమీటర్ల సైనికుల బొమ్మలకు రంగులు వేస్తున్నాను. రంగు నింపడం చేతనవుతుంది. ముఖం దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగిపోతుంది. పోయిన దసరాకు కొలువులో గరుడసేవ పెట్టాను. వాహనం మోసేవాళ్లు, గొడుగులు పట్టేవాళ్లు, భక్తులు, మొత్తం నలభై చిన్న బొమ్మలు. చూడ్డానికి వచ్చినవాళ్లు బాగుందన్నారు. కానీ మూడడుగుల దూరంలో నిలబడి చూస్తే ముఖాలన్నీ ఒకే గోధుమరంగు ముద్దలా కనిపించాయి. కంటి కింద నీడ లేదు, చెంప మీద వెలుగు లేదు. ఈసారైనా అది సరిచేయాలని పట్టుదల పట్టాను. అదే సమయంలో ఇన్‌స్టాలో ఆ ప్రకటన కనిపించింది.

ప్రకటనలో గుర్రం మీద కవచం తొడుక్కున్న యోధుడి ఫోటో పెట్టారు. కవచానికి వెండిరంగు వేయలేదు. మామూలు బూడిదరంగు, నీలం, తెలుపులతోనే ఇనుము మెరుస్తున్నట్టు వేశారు. దీన్ని నాన్ మెటాలిక్ మెటల్ అంటారు, మా హాబీలో కష్టమైన పనుల్లో అదొకటి. ఫోటో కింద 'రెండు రోజుల్లో మీరూ వేస్తారు, డిస్‌ప్లే, ఫోటోగ్రఫీ కూడా నేర్పుతాం' అని రాసుంది. ఫోన్ చేసి, ఆ బొమ్మను చేత్తో పట్టుకుని చూడొచ్చా అని అడిగాను. 'చెన్నైలో కస్టమర్ తీసుకెళ్లినాడు సార్' అన్నాడు క్లాసు నడిపేవాడు. నేను అక్కడే ఆగి ఉండాల్సింది. క్లాసయ్యాక ఇంటికొచ్చి ఆ ఫోటోను గూగుల్ లెన్స్‌లో వెతికితే, అది ఎన్నో ఏళ్ల కిందట వేరే దేశంలో ఒక పోటీలో పెట్టిన బొమ్మ ఫోటో అని తేలింది.

ఎయిర్ బైపాస్ రోడ్డు దగ్గర ఒక ఇంటి మేడ మీది గదిలో క్లాసు పెట్టారు. డబ్బు ఎవరిదో సొంత ఫోన్‌పే నంబరుకు పంపించుకున్నారు. బిల్లు అడిగితే సాయంత్రం ఇస్తామన్నారు. ఆ సాయంత్రం ఇంకా రాలేదు.

కిట్టులో పన్నెండు రంగులు, నాలుగు బ్రష్షులు, ఒక ప్రైమర్ (రంగుకు ముందు కొట్టే అడుగుపూత) స్ప్రే, వార్నిష్, రెజిన్‌తో (వెలుగు తగిలితే గట్టిపడే ద్రవం) త్రీడీ ప్రింట్ తీసిన గుర్రపురౌతు బొమ్మ, కొయ్య పీట ఉన్నాయి. రంగుసీసాల మీద పేరున్న విదేశీ కంపెనీ లేబుళ్లు అంటించి ఉన్నాయి. మూతకు సీలు లేదు. బొటనవేలు తడిచేసి లేబులు మీద రుద్దితే అక్షరాలు అలుక్కుపోయి వేలికి నీలం అంటింది. ఇంక్‌జెట్ ప్రింటరులో తీసిన కాగితం అది. 'పెద్ద డబ్బాల్లో స్టాకు వస్తాది సార్, మేమే నింపుతాము' అన్నాడు. లోపలి ఎరుపును బొమ్మ అంగీ మీద వేస్తే మొదటి పూతకు చారలు పడ్డాయి. రెండో పూతకు రబ్బరులా మెరిసింది. ఎండాక గోటితో గీకితే ఉల్లిపొరలా లేచొచ్చింది. మంచి ఎక్రిలిక్ రంగులో రంగుపొడి సన్నగా నూరి ఉంటుంది. దాన్ని నీళ్లతో పాలంత పలచగా కలిపి రెండు మూడు పూతలు వేస్తే గీత కూడా కనపడకుండా పరుచుకుంటుంది. ఈ సీసాల్లోది అంత పలచన చేస్తే రంగు ఒకవైపు, నీళ్లు ఒకవైపు అయిపోయాయి. మీరు కొనేటప్పుడు ఒక చుక్క తెల్లకాగితం మీద వేయించి, నీళ్లు కలిపి చూపించమనండి. ఒప్పుకోని అమ్మకందారు దగ్గర కొనొద్దు.

బ్రష్షుల సంగతి ఇంకా ముఖ్యం. 'కొలిన్స్కీ సేబుల్' అని కిట్టు మీద రాశారు. కొలిన్స్కీ అంటే సైబీరియా వైపు తిరిగే ఒక రకం వీజిల్ తోక వెంట్రుక. నీటిలో ముంచి ఒక్కసారి విదిలిస్తే మొన సూదిలా చేరుతుంది. అందుకే దానికంత ధర. మాకిచ్చినవాటి మొన నీటిలో ముంచగానే పాము నాలుకలా రెండుగా చీలింది. ఒక్క వెంట్రుక లాగి అగ్గిపుల్లతో కాల్చాను. జంతువు వెంట్రుక అయితే జుట్టు కాలిన వాసన వచ్చి బూడిద కావాలి. ఇది కరిగి చిన్న నల్లపూసలా ముడుచుకుంది. నైలాన్ అన్నమాట. నైలాన్ బ్రష్షు చెడ్డదని నేననను. మెటాలిక్ రంగులకూ, డ్రై బ్రషింగుకూ (రంగు దాదాపు తుడిచేసిన బ్రష్షును ఉబ్బెత్తు చోట్ల రుద్దడం) నేను అదే వాడతాను. నైలాన్‌ను సేబుల్ పేరు చెప్పి సేబుల్ ధరకు అమ్మడమే మోసం.

ఆ మాటే అడిగాను. అతను పక్కకు పిలిచి, గొంతు తగ్గించి, 'ఒరిజినల్ కావాలంటే ముంగిస బొచ్చుది ఉండాది సార్, ఒక్కోటి తొమ్మిదివందలు' అన్నాడు. నాకు ఒళ్లు జలదరించింది. ముంగిస 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉన్న జంతువు. దాని వెంట్రుకతో చేసిన బ్రష్షు అమ్మడమే కాదు, కొనడమూ దగ్గర పెట్టుకోవడమూ నేరమే. 2019లో వన్యప్రాణి నేర నియంత్రణ బ్యూరో 'ఆపరేషన్ క్లీన్ ఆర్ట్' పేరుతో ఈ బ్రష్షుల తయారీదారుల మీద దాడులు చేసింది. ఒక్కో ముంగిస నుంచి బ్రష్షుకు పనికొచ్చే వెంట్రుక వచ్చేది చాలా కొంచెం, కాబట్టి ఈ వ్యాపారానికి బలయ్యే జంతువులు లెక్కలేనన్ని. వెంట్రుక మొన నల్లగా, మధ్యలో లేతగా, మళ్లీ నల్లగా పట్టీలు పట్టీలుగా ఉంటే అనుమానించండి. ఎవరైనా చవకగా ఇస్తామన్నా ముట్టుకోవద్దు.

ఇక అన్నిటికన్నా నన్ను బాధపెట్టింది రెజిన్ బొమ్మ. కవరు విప్పగానే ఘాటు వాసన వచ్చింది. పట్టుకుంటే వేళ్లకు జిగటగా అంటుకుంది. త్రీడీ ప్రింటరులోంచి తీసిన రెజిన్ బొమ్మను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో బాగా కడగాలి, ఆరబెట్టాలి, ఆ తర్వాత యూవీ దీపం కిందో ఎండలోనో పూర్తిగా గట్టిపరచాలి. గట్టిపడని రెజిన్ చర్మానికి తగిలితే మంట, దద్దుర్లు వస్తాయి. పదేపదే తగిలితే జీవితాంతం వదలని అలర్జీగా మారొచ్చు. అలాంటి బొమ్మను చేతికిచ్చి, గ్లౌజులు లేకుండా, మాస్కు లేకుండా, తలుపులు మూసిన ఏసీ గదిలో గరుకు కాగితంతో రుద్దించాడు. రెజిన్‌ను రుద్దాలంటే తడిపి రుద్దాలి, ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోకూడదు. నా పక్కన కూర్చున్న అబ్బాయి మధ్యాహ్నానికి చేతులు చూపించి, 'అంకుల్, వేళ్ల సందుల్లో మంట పెడతా ఉండాది' అన్నాడు. చూస్తే ఎర్రగా కందిపోయి ఉన్నాయి. వాణ్ణి కొళాయి దగ్గరికి తీసుకెళ్లి సబ్బుతో కడిగించి, వాళ్లమ్మకు ఫోన్ చేసి చెప్పాను. ఆ తల్లి గొంతు ఇప్పటికీ నా చెవుల్లోనే ఉంది.

నా బొమ్మ ఇంటికి తెచ్చి అలమారలో పెట్టాను. పదహారో రోజు చూస్తే గుర్రం పొట్ట కింద సన్నని పగులు పడింది. అందులోంచి పసుపుపచ్చ ద్రవం తేనెలా కారి, కొయ్యపీట మీద మరక కట్టింది. బొమ్మను లోపల బోలుగా ప్రింట్ తీసి, మిగిలిన రెజిన్ బయటికి పోవడానికి రంధ్రం పెట్టకపోతే ఇలాగే జరుగుతుంది. లోపల చిక్కుకున్నది వారాల తర్వాత గోడను పగలగొట్టుకుని బయటికొస్తుంది. కాబట్టి ప్రింట్ బొమ్మ కొంటే అడుగున రంధ్రం ఉందో లేదో చూడండి, వాసన చూడండి, జిగటగా ఉంటే తిప్పి ఇచ్చేయండి. ఇంట్లో చిన్నపిల్లలుంటే ఇంకా జాగ్రత్త.

ప్రైమర్ గురించి ఎక్కువ చెప్పను. వానపడి ఆగిన సాయంత్రం, గాలంతా చెమ్మగా ఉన్నప్పుడు అందరి చేతా కొట్టించాడు. బొమ్మలన్నీ పిండి చల్లినట్టు గరుకు తేలాయి. స్ప్రే కొట్టడానికి పొడి ఎండ ఉన్న పూట కావాలి.

డిస్‌ప్లే, ఫోటోగ్రఫీ అన్నది చివర్లో ఇరవై నిమిషాలు. ఫోనులో ఫిల్టర్లు ఎలా వేయాలో చూపించాడు, అంతే.

నా ముఖాల సమస్యకు దారి దొరికింది వేరేచోట. ఏర్పేడు దగ్గర మాధవమాలలో కొయ్యబొమ్మలు చెక్కే ఒక పెద్దాయన దగ్గర మధ్యాహ్నమంతా కూర్చున్నాను. ఆయన చేతిలోని ముఖాన్ని కిటికీ వెలుగులో మెల్లగా తిప్పుతూ, 'నీడ యాడ పడతాందో అదే చూడు నాయనా, నువ్వు రంగుతో చేయాల్సింది ఆ పనే' అన్నాడు. ఇంటికొచ్చి, ఒక్క బల్బు వెలిగించి, ప్రైమర్ కొట్టిన బొమ్మను దాని కింద పెట్టి ఫోటో తీసుకున్నాను. ఆ ఫోటోలో నల్లబడినచోట ముదురు, వెలిగినచోట లేత. కనుబొమ్మ కింద, కింది పెదవి కింద, చెవి వెనక వాష్, అంటే నీళ్లు ఎక్కువ కలిపిన పలచటి గోధుమరంగు పూత. ముక్కుమీద, చెంప ఎముక మీద, గడ్డం మీద లేతరంగు. కొలువు బొమ్మను జనం దూరం నుంచి చూస్తారు కాబట్టి ఈ తేడా నిజం కంటే ఒక మెట్టు ఎక్కువే ఉండాలి. ఒక్క మంచి ఒకటో నంబరు బ్రష్షు, ఆరు రంగులు, రంగు ఎండిపోకుండా స్పాంజి మీద బటర్ పేపరు పరిచిన వెట్ పాలెట్, వీటితోనే ఆ నలభై ముఖాల్లో పద్దెనిమిది మళ్లీ వేశాను. పైన మ్యాట్ వార్నిష్ పూసి, వెనక బూడిదరంగు చార్టు కాగితం పెట్టి, రెండువైపులా తెల్లదీపాలతో ఫోటో తీస్తే, మా ఆవిడ ఒక్కొక్కర్నీ వేరుగా గుర్తుపట్టింది.

డబ్బు వాపసు అడిగితే మొదట సగం ఇస్తామన్నారు, తర్వాత నంబరు బ్లాక్ చేశారు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళతాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం రెండేళ్లలోపు ఫిర్యాదు చేయొచ్చు, ఐదు లక్షల లోపు విషయాలకు ఫీజు లేదు. వకీలు లేకుండా మనమే వాదించుకోవచ్చు.

ఆ రెండు రోజులు నాతో క్లాసులో కూర్చున్నవాళ్లు ఎవరైనా ఇది చదివితే, ఫోన్‌పే స్క్రీన్‌షాట్, వాట్సాప్ మెసేజ్‌లు చెరిపేయకండి. కిట్టును అట్టపెట్టెతో సహా దాచండి, బొమ్మ జిగటగా ఉంటే కవరులో కట్టి పిల్లలకు అందకుండా పెట్టండి. చేతులు కందిన అబ్బాయి వాళ్లమ్మ ఇప్పటికే నాతో కలిసి సంతకం పెట్టడానికి ఒప్పుకున్నారు. మిగతావాళ్లు కూడా వస్తే ఫిర్యాదు అందరి పేర్లతో ఒకేసారి ఇద్దాం.