లద్దాఖ్ వేడినీటి ఊటలు: వైజాగ్ నుంచి వెళ్లేవాళ్లకు పనామిక్ మేలా, చుమథాంగ్ మేలా?

నిరుడు సెప్టెంబర్‌లో అమ్మను తీసుకుని లద్దాఖ్ వెళ్లాను. ఆమెకు మోకాళ్ల నొప్పులు. "ఆ ఎండు కొండల్లో వేడినీళ్లు వాటంతటవే ఊరతాయట, ఒక్కసారి కాళ్లు పెట్టాలిరా" అని ఎన్నాళ్లుగానో అడుగుతోంది. పనామిక్, చుమథాంగ్ రెండూ చూసొచ్చాం. అప్పటి నుంచి తెలిసినవాళ్లంతా ఒకటే అడుగుతున్నారు: ఒక్కదానికే టైమ్ ఉంటే ఎటు వెళ్లాలి?

రెండూ లేహ్ నుంచి అటూ ఇటుగా నూట యాభై కిలోమీటర్లే. దూరంలో పెద్ద తేడా లేదు. తేల్చాల్సింది ఎత్తు. మనం సముద్రం పక్కన పుట్టి పెరిగినవాళ్లం, మన అరకు కూడా వెయ్యి మీటర్ల ఎత్తు లోపే. అలాంటిది ఢిల్లీ మీదుగా విమానంలో వెళ్లి ఒక్కసారిగా 3,500 మీటర్ల ఎత్తున లేహ్‌లో దిగుతాం. అమ్మకు మొదటిరోజు తలనొప్పి, అన్నం సయించలేదు. రెండు రోజులు గది దాటకుండా నీళ్లు తాగుతూ పడుకున్నాకే తేరుకుంది. ఆ రెండు రోజులూ మాత్రం మిగుల్చుకోవాలని చూడకండి.

పనామిక్ నుబ్రా లోయలో ఉంది. దారిలో 5,359 మీటర్ల ఖార్దుంగ్ లా కనుమ దాటాలి. వినగానే భయం వేస్తుంది కానీ కనుమ దగ్గర పది నిమిషాలకు మించి ఆగక్కర్లేదు. అటువైపు దిగాక ఊరు సుమారు 3,200 మీటర్లే, అంటే రాత్రి పడుకునేది లేహ్ కంటే కిందే. చుమథాంగ్ దారిలో అంత ఎత్తు కనుమ లేదు. ఉప్షి మీదుగా సింధు నది పక్కనే హాయిగా సాగిపోతుంది. కానీ ఊరు దాదాపు 4,000 మీటర్ల ఎత్తున ఉంది. ఒళ్లు అలవాటు పడకుండా అక్కడ రాత్రి ఉంటే నిద్ర పట్టదు, ఆయాసం. దారి చూసి కాదు, పడక చూసి ఎంచుకోవాలని నాకు అక్కడే అర్థమైంది.

స్నానానికైతే పనామిక్. గదులు కట్టి ఉన్నాయి, పెద్దవాళ్లు మెల్లగా దిగొచ్చు. అమ్మ కాళ్లు పెట్టుకుని కళ్లు మూసుకుంది. ఐదారు నిమిషాలకే నేను లేపేశాను. ఆ ఎత్తులో వేడినీళ్లలో ఎక్కువసేపు ఉంటే బీపీ పడిపోయి కళ్లు తిరుగుతాయి.

చూడటానికైతే చుమథాంగ్‌కు సాటి లేదు. లేహ్ ప్రాంతంలో ఏడాది మొత్తానికి పడే వాన పది సెంటీమీటర్లు. మనకు ఒక్క అల్పపీడనానికే అంత పడుతుంది. అలాంటి గడ్డిపోచ లేని కొండల మధ్య, సింధు ఒడ్డున రాళ్ల సందుల్లోంచి నీళ్లు బుడబుడమంటూ పొంగుతున్నాయి. రాళ్ల మీద తెల్లటి పొర పేరుకుంది, గోటితో గీకితే పొడిగా రాలింది. ఆవిరి తగిలిన చెయ్యి తీసి పక్కనే నదిలో పెడితే వేళ్లు కొంకర్లు పోయాయి. భూమి పైపొరలోని పెద్ద రాతి పలకలైన భారత ఫలకం, ఆసియా ఫలకం ఢీకొని అతుక్కున్న ప్రాంతం ఇదే. మంచు కరిగిన నీరు పగుళ్లలోంచి లోతుకు ఇంకి, అక్కడి వేడికి కాగి పైకి వస్తుంది. ఇంకాస్త ముందుకెళ్తే పూగా లోయ. అక్కడ ఊట నీళ్లు 84 డిగ్రీల దాకా ఉంటాయి. ఆ ఎత్తులో నీళ్లు మరిగేదే దాదాపు అంత వేడి దగ్గర. దూరం నుంచి చూడాలంతే, పిల్లల్ని దగ్గరకు పోనివ్వకండి.

గుండెజబ్బు, ఆయాసం ఉన్నవాళ్లకు నేను రెండూ వద్దనే చెబుతాను. ఒడిశాలోని బరంపురం దాకా రైలెక్కి, అక్కడి నుంచి 50 కిలోమీటర్లు వెళ్తే తప్తపాణి ఉంది. గంధకం వాసన వేసే వేడినీళ్లు, చుట్టూ అడవి, ఎత్తు భయం లేదు.

ఈసారి మా పెద్దమ్మా పెదనాన్నా వెళ్తున్నారు. వాళ్లకు లేహ్‌లో మూడు రాత్రులు, పనామిక్‌లో రెండు అని రాసిచ్చాను. చుమథాంగ్ చివర్లో, ఓపిక ఉంటే, పొద్దున వెళ్లి సాయంత్రానికి లేహ్ వచ్చేసేలా.