పదిహేను వందల మాక్ ఇంటర్వ్యూ

గంటస్తంభం దగ్గర మేడ మీదున్న ఓ కోచింగ్ సెంటర్‌లో సివిల్స్ మాక్ ఇంటర్వ్యూకి వెళ్లాను. పేరు రాయను, విజయనగరం ఎంతని! రెండు రౌండ్లకి పదిహేను వందలు.

డబ్బులు దండగ కాలేదు. మెయిన్స్ 1750 మార్కులకైతే ఇంటర్వ్యూ 275కి. ర్యాంకు తారుమారయ్యేది ఇక్కడే. బోర్డులో ముగ్గురున్నారు. నా డాఫ్ (మన వివరాలు, సర్వీసు ఆప్షన్లు రాసిచ్చే ఫారం) నిజంగానే చదివారు. మొదటి ఆప్షన్ ఐఎఫ్ఎస్, అంటే విదేశాంగ సర్వీసు అని చూసి, "విదేశీ అతిథికి మీ జిల్లా నుంచి ఏం కానుక ఇస్తావమ్మా?" అన్నారు. బొబ్బిలి వీణ అన్నాను. ఏ కర్ర? పనస. చేసే ఊరు? నోరు పెగల్లేదు. గొల్లపల్లి. మా పిన్ని వాళ్లది బొబ్బిలే, సిగ్గేసింది.

ఆఖర్న పెద్దాయన, "పెళ్లయ్యాక మీ ఆయన్ని కూడా పెట్టెలో పెట్టుకుపోతావేటి?" అన్నారు. ఇద్దరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికొచ్చి వీడియోలో ఆ నవ్వు చూసుకుంటే ఒళ్లు మండింది. మగపిల్లల్ని అడిగారా అని కనుక్కున్నా. లేదట.

రెండో రౌండ్‌లో మళ్లీ అదే ప్రశ్న. ఈసారి సి.బి. ముత్తమ్మ గారి సంగతి ఎత్తాను. కొడగు మనిషి, 1949లో ఐఎఫ్ఎస్‌లో చేరిన మొదటి మహిళ. ఆడ ఆఫీసరు పెళ్లి చేసుకోవాలంటే ముందే ప్రభుత్వం దగ్గర రాతపూర్వకంగా అనుమతి తీసుకోవాలి, సంసారం ఉద్యోగానికి అడ్డొస్తుందనిపిస్తే రాజీనామా చెయ్యమనొచ్చు అని రూలే ఉండేది. 1970లో హంగరీకి రాయబారిగా వెళ్లినావిడ, తర్వాత ప్రమోషన్ దగ్గర పక్కన పెడితే సుప్రీంకోర్టుకెక్కారు.

"గెలిచిందా?" అన్నారాయన. గెలిచారన్నాను. "తప్పు" అన్నారు. 1979లో జస్టిస్ కృష్ణయ్యర్ పిటిషన్ కొట్టేశారు, అప్పటికే ప్రమోషన్ ఇచ్చి, పెళ్లి రూలు తీసేస్తున్నామని ప్రభుత్వం చెప్పింది గనక. కానీ ఆడవాళ్లని తక్కువ చేసే సర్వీసు రూల్సన్నీ సరిచెయ్యమని గట్టిగా చెప్పారు. పెద్దాయన ఆ తీర్పు చదివే ఉన్నారు! మరి ఆ పెట్టె జోకెందుకో. టెన్షన్ పెట్టి చూడ్డానికేనని తర్వాత అన్నారు. నేను నమ్మలేదు.

మెట్లు ఇరుకు, ఏసీ లేదు. ఫీడ్‌బ్యాక్ రాసిస్తామని రెండు వారాలైంది. వీడియో పెన్‌డ్రైవ్ మాత్రం అక్కడే పెట్టి చూసుకుని రండి. నా రెండో రౌండ్‌లో బొమ్మ ఉంది, మాట లేదు.