సొరుగులో ఉన్న డిస్కులోనూ వెతికిపెట్టింది: ఆరేళ్లుగా నేను వాడుతున్న ‘ఎవ్రీథింగ్’

విజయవాడ గవర్నర్‌పేటలో మాది డీటీపీ, ఫ్లెక్సీ డిజైన్ల షాపు. నేను, ఒక కుర్రాడు, మూడు కంప్యూటర్లు. శుభలేఖలు, పెద్దకర్మ కార్డులు, ఓణీల ఫంక్షన్ ఫ్లెక్సీలు, ఎన్నికలొస్తే కరపత్రాలు. ‘అప్పుడు మీ దగ్గరే చేయించామండీ, ఆ ఫొటో ఉంటుందిగా’ అని ఎవరైనా వస్తే ‘రేపు రండి’ అనడం అలవాటైపోయింది. విండోస్ సెర్చ్‌లో పేరు కొట్టి, ఆ పచ్చగీత పాకుతుంటే కిందకి వెళ్లి టీ తాగి వచ్చేవాణ్ని.

విండోస్‌లో ఫైళ్లు వెతికిపెట్టే ప్రోగ్రాం, వాయిడ్‌టూల్స్ వాళ్ల ‘ఎవ్రీథింగ్’ పెట్టుకున్నాక ఆ టీ తగ్గింది. ఎంత స్పీడో అందరూ చెప్పేదే. ఫోల్డర్లు ఒక్కొక్కటీ తెరిచి చూడదు, ఎన్‌టీఎఫ్‌ఎస్ (విండోస్ డిస్కులో ఫైళ్లని అమర్చే పద్ధతి) డిస్కు తన ఫైళ్లకి రాసిపెట్టుకునే పట్టికనే చదివేస్తుంది. నేను చెప్పాలనుకున్నది అది కాదు. ఊడదీసి సొరుగులో పడేసిన డిస్కులో ఏమున్నాయో కూడా దీనికి గుర్తుంటుంది.

ఒక రాత్రి తొమ్మిదిన్నరకి షట్టర్ సగం దించాను. పటమట నుంచి ఓ అబ్బాయి బండి మీద వచ్చాడు. “అంకుల్, నాన్నగారు పోయారు. పొద్దున్నే ఫ్లెక్సీ కట్టాలి” అన్నాడు. వాళ్ల ఫోన్లలో ఉన్నవన్నీ ఆస్పత్రి ఫొటోలే, ముక్కుకి గొట్టంతో. “షష్టిపూర్తి కార్డు మీరే చేశారు, అందులో నాన్న బాగుంటారు” అన్నాడు. ఏ సంవత్సరం అంటే, “కరోనాకి ముందే” అన్నాడు. అంతకుమించి గుర్తులేదు.

షష్టిపూర్తికి ఇంగ్లీషు స్పెల్లింగు మా షాపులో మనిషికొకటి. ఒకరు ఎస్ పక్కన హెచ్ పెడతారు, ఇంకొకరు దాన్ని మింగేస్తారు. ఎవ్రీథింగ్‌లో రెండు మాటల మధ్య నిలువు గీత పెడితే ‘ఇదిగానీ అదిగానీ’ అని అర్థం. మూడు స్పెల్లింగులూ అలా కలిపి కొట్టి, ఒక స్పేస్ ఇచ్చి పటమట అని కూడా కొట్టాను. ఒక్కటే ఫైలు వచ్చింది. అది జి డ్రైవులో ఉన్నట్టు చూపిస్తోంది. ఆ రోజు నా కంప్యూటర్‌కి జి డ్రైవే లేదు!

ఫోల్డర్ పేరులో 2018 కనిపించింది. సొరుగు లాగి చూస్తే, 2018 అని పేపర్ టేపు అంటించిన డిస్కు అక్కడే ఉంది. పెట్టాను, పీఎస్‌డీ (ఫొటోషాప్ ఫైలు) తెరుచుకుంది. పట్టు కండువాతో, మెడలో దండతో, నవ్వుతూ ఉన్నారాయన. దండ తీసేయనా అని అడిగాను. “ఉంచండి అంకుల్” అన్నాడు. పదకొండింటికల్లా ఫైలు ప్రింటింగ్‌కి వెళ్లిపోయింది.

ఇది మీకూ పనిచేయాలంటే ఆప్షన్స్‌లో ఇండెక్సెస్ కింద ఎన్‌టీఎఫ్‌ఎస్ పేజీకి వెళ్లండి. ఆఫ్‌లైన్ వాల్యూమ్స్‌ని, అంటే ఊడదీసిన డిస్కులని, జాబితాలోంచి ఆటోమేటిక్‌గా తీసేసే ఆప్షన్ ఒకటి ఉంటుంది, దానికి టిక్ లేకుండా చూసుకోండి.

అన్నీ గుర్తుంటాయన్నాను గానీ, అన్నీ కాదు. తర్వాత కొన్న డిస్కు ఒకటి ఎన్‌టీఎఫ్‌ఎస్ కాకుండా ఎక్స్‌ఫ్యాట్ అనే ఇంకో పద్ధతిలో వచ్చింది. నేను వాడే 1.4 వెర్షన్ దాన్ని దానంతటది పట్టించుకోలేదు. అలాంటివాటిని ఫోల్డర్‌గా మనమే చేర్చాలి, ఆ స్పీడూ ఉండదు. ఇది నాకు తెలిసేసరికి ఎనిమిది నెలలైంది. ఈలోపు వాళ్ల అమ్మాయి శుభలేఖ ఫైలు కోసం వచ్చిన ఒకావిడకి, తెర ఆవిడ వైపు తిప్పి చూపించి మరీ ‘మా దగ్గర లేదండీ’ అని చెప్పి పంపించాను. అది ఆ డిస్కులోనే ఉంది.

ఇంకోటి, ఇది వెతికేది పేర్లనే. లోపలి మాటలు వెతకమన్నా వెతుకుతుంది గానీ నత్తనడకే. పైగా మా మేటరంతా అను ఫాంట్లలో ఉంటుంది. తెర మీద తెలుగు కనిపిస్తుంది, ఫైల్లో ఉండేవి ఇంగ్లీషు గుర్తులు. ఇక తెలుగులో కొడితే ఏం దొరుకుతుంది? కౌంటర్ దగ్గర కస్టమర్ నిలబడి ఉన్నప్పుడు తెర కొంచెం పక్కకి తిప్పుకోండి. ఒక్క అక్షరం కొడితే చాలు, పక్కవాళ్ల ఎస్టిమేట్ల పేర్లు కూడా వరసగా వచ్చేస్తాయి.

మరి అందరికీ పనికొస్తుందా అంటే చెప్పలేను. ఫైళ్లన్నీ గూగుల్ డ్రైవ్‌లో పెట్టుకునే మా అమ్మాయి రెండ్రోజులు చూసి తీసేసింది. నాలా విండోస్, పాత డిస్కులు, పేర్లు తిన్నగా పెట్టని అలవాటు ఉన్నవాళ్లకైతే డబ్బులు పెట్టి కొన్నా తప్పులేదు, ఇదేమో ఉచితం.

నిరుడు 2016 డిస్కు రెండు రోజులు టిక్కుటిక్కుమని ఆగిపోయింది. బాగుచేసేవాళ్లు లాభం లేదన్నారు. ఎవ్రీథింగ్‌లో కొడితే మాత్రం ఆ ఏడాది పెళ్లిళ్ల పేర్లన్నీ ఇప్పటికీ వస్తాయి. జాబితాలోంచి ఆ డిస్కును తీసేయడానికి ఒక బటన్ ఉంది. ఇంకా నొక్కలేదు.