రిచీ స్ట్రీట్‌లో పాత బ్లూరే ప్లేయర్: వెనక లేబుల్ చూశాకే బేరం

చెన్నైలో సెకండ్‌హ్యాండ్ బ్లూరే ప్లేయర్ (డీవీడీకంటే స్పష్టమైన బొమ్మిచ్చే డిస్కులు ఆడే పెట్టె) కోసం మౌంట్ రోడ్డు పక్కనున్న ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్‌లో వెతకడం మంచిదే. ఆన్‌లైన్‌లో దొరకని సౌకర్యం ఒకటుంది: డబ్బిచ్చేముందు టీవీకి తగిలించి చూసుకోవచ్చు. అందుకు ఒప్పుకోని కొట్టు వదిలేయండి.

కంపెనీ పేరుకంటే ముందు వెనక లేబుల్ చదవాలి. డిస్కు ఏ ప్రాంతం ప్లేయర్‌లో ఆడాలో చెప్పే తాళమే రీజియన్. అమెరికా, జపాన్ ప్లేయర్లది రీజియన్ ఏ. యూరప్, ఆస్ట్రేలియాలది బీ. మనది, చైనాది, రష్యాది సీ. డీవీడీ లెక్క వేరే: మనది 5, జపాన్‌ది 2. ఇక్కడ కొన్న హాలీవుడ్ డీవీడీ మీద 5 మాత్రమే ఉంటే జపాన్ ప్లేయర్ దాన్ని తీసుకోదు.

జపాన్ పెట్టెలు గట్టివి, చూడముచ్చటగా ఉంటాయి. కానీ అక్కడ బ్లూరే మొదలైందే టీవీ రికార్డింగ్ కోసం. సోనీ రికార్డర్ 2003లోనే వచ్చింది, సినిమా డిస్కులు 2006లో గానీ రాలేదు. అందుకే చాలావాటిలో ట్యూనర్, హార్డ్‌డిస్క్ ఉంటాయి. అక్కడి టీవీ ఛానెళ్లే పట్టే ఆ ట్యూనర్ ఇక్కడ దండగ. పైగా అక్కడి కరెంటు 100 వోల్టులు; లేబుల్ మీద 100-240 అని లేకుండా మన ప్లగ్గులో పెడితే పవర్ సప్లై కాలిపోతుంది. వోల్టేజీ తగ్గించే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ ఖర్చు కూడా ధరలో కలిపి చూడండి. అవుట్‌పుట్ 100 ఉన్నదే అడగండి. 110ది అమెరికా సామానుకు.

మన దగ్గర కథ వేరు. 2007లో డిస్కుల కంపెనీ మోజర్ బేర్ సినిమా వీసీడీని 28 రూపాయలకు, డీవీడీని 34కు అమ్మింది. 2008 ఫిబ్రవరిలో తోషిబా, బ్లూరేకి పోటీ డిస్కు అయిన హెచ్‌డీ డీవీడీని వదిలేసి బ్లూరేకి దారి ఇచ్చినా, ఆ ధరకు అలవాటుపడిన ఇళ్లలోకి వందల రూపాయల డిస్కు వెళ్లలేదు. సీ రీజియన్ ప్లేయర్లు, బ్లూరే విడి లెన్సులు అరుదుగా దొరికేది అందుకే.

లెన్సు పరీక్ష తప్పనిసరి. డీవీడీ చదివేది 650 నానోమీటర్ల ఎర్ర లేజర్, బ్లూరేది 405 నీలి ఊదా. డీవీడీ ఆడినంత మాత్రాన బ్లూరే ఆడుతుందని నమ్మకండి. రెండు పొరల 50 జీబీ డిస్కు వెంట తీసుకెళ్లి నేరుగా క్లైమాక్స్‌కు దూకండి. సినిమా చివరి భాగం సాధారణంగా రెండో పొరలో ఉంటుంది. అలసిన లేజర్ బొమ్మను అక్కడే ఆపేస్తుంది.

4కే ప్లేయర్‌కు రీజియన్ లేదంటే సగమే నిజం. 4కే డిస్కులకే లేదు. అదే ప్లేయర్‌లో మామూలు బ్లూరే పెడితే మళ్లీ ఏ, బీ, సీ లెక్కే.